లాకింగ్ ట్రెమోలో: తప్పు లాక్‌దా, తేలే బ్రిడ్జ్‌దా?

ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్ల మధ్య లాకింగ్ ట్రెమోలో ప్రస్తావన వస్తే చాలు, రెండు వర్గాలు తేలిపోతాయి. ట్రెమోలో అంటే ఆర్మ్ అనే లోహపు కడ్డీతో తీగల బిగువును మార్చి స్వరాన్ని కిందికీ పైకీ జార్చే ఏర్పాటు. ఒక వర్గానికి అది లేని గిటార్ గిటారే కాదు. రెండో వర్గానికి అది టోన్‌ను పలచన చేసి, తీగలు మార్చడాన్ని ఒక పూట పనిగా మార్చేసిన తలనొప్పి. ఇద్దరూ చెప్పేదాంట్లో చాలావరకు నిజమే. కాకపోతే ఆ మెప్పూ ఆ తిట్టూ ఒకే వస్తువుకు చెందవు.

ఈ పేరు కింద నిజానికి రెండు వేర్వేరు ఏర్పాట్లు కలిసి వస్తాయి. తీగను రెండు చివరలా బిగించి పట్టుకునే లాక్ ఒకటి. స్ప్రింగుల లాగుడుకీ తీగల లాగుడుకీ మధ్య తేలుతూ నిలబడే బ్రిడ్జ్, అంటే బాడీ మీద తీగల చివరలను మోసే లోహపు భాగం, రెండోది. శ్రుతి నిలుస్తుందన్న మెప్పు ఎక్కువగా మొదటిదానిది. బెండ్ చేస్తే (స్వరం పెంచడానికి తీగను వేలితో పక్కకు తోస్తే) పక్క తీగ దిగిపోతోంది, చేతికి తేడాగా ఉంది, కింది స్వరాల్లో బరువు లేదు అన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం రెండోదానివి. వీటిని విడదీయకుండా వాదించుకుంటే ఆ వాదన ఎప్పటికీ తెగదు.

శ్రుతి ఎక్కడ జారుతుంది

1954లో స్ట్రాటోకాస్టర్‌తో వచ్చిన ఫెండర్ ట్రెమోలోను చూస్తే సమస్య అర్థమవుతుంది. అందులో బ్రిడ్జ్, దాని మీద ఒక్కో తీగ ఆనే శాడిళ్లు, కింద వేలాడే లోహపు బ్లాక్ అన్నీ కలిసి ఒకే ముక్కగా ముందుకూ వెనక్కూ ఒరుగుతాయి. గిటార్ వెనక గుంతలో ఉన్న స్ప్రింగులు ఆ బ్లాక్‌ను పట్టి లాగుతుంటాయి. ఆర్మ్‌ను కొద్దిగా కదిపితే బాగానే పలుకుతుంది. తీగలు వేలాడేదాకా నొక్కి వదిలితే మాత్రం అవి పాత శ్రుతికి రావు.

తీగ వదులైనప్పుడు ట్యూనర్ (శ్రుతి చేసే బిరడా) వైపు మిగిలిన బిగువు కొంత తీగను నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడి గుండా తనవైపు లాక్కుంటుంది. ఆర్మ్ వదిలాక ఆ కాస్త ముక్క గాడి రాపిడికి చిక్కుకుని పూర్తిగా తిరిగి రాదు. ట్యూనర్లు ఉండే హెడ్‌స్టాక్ మీద తీగను కిందికి అదిమే స్ట్రింగ్ ట్రీ దగ్గరా ఇదే కథ. ట్యూనర్ పోస్ట్ చుట్టూ ఉన్న చుట్లు సడలి మళ్లీ బిగుస్తాయి. బ్రిడ్జ్ వైపు తీగ చివరి గుండు (బాల్ ఎండ్) తన గూట్లో కాస్త సర్దుకుంటుంది.

ఇవన్నీ కంటికి కనిపించని కదలికలు. అయినా చెవికి ఎందుకు దొరికిపోతాయో ఒక చిన్న లెక్క చెబుతుంది. 25.5 అంగుళాల స్కేల్, అంటే సుమారు 648 మిల్లీమీటర్ల తీగ పొడవున్న గిటార్‌నే తీసుకుందాం. చుట్టు లేని, అంటే పైన మరో తీగ చుట్టని, జి తీగను 0.2 మిల్లీమీటర్లు అదనంగా సాగదీస్తే అది దాదాపు ఒక సెమిటోన్ ఎక్కుతుంది. అంటే 0.01 మిల్లీమీటరు తేడాకే ఐదు సెంట్లు మారుతుంది. సెమిటోన్‌లో నూరో వంతు ఒక సెంట్. ఐదారు సెంట్ల తేడాను అలవాటైన చెవి పట్టేస్తుంది. ట్రెమోలో డిజైన్ అంతా మిల్లీమీటరులో నూరో వంతుతో సాగే పోరాటమే. నట్ గాడిలో గ్రాఫైట్ పొడి రాయడం, సన్న చుక్క నూనె వేయడం లాంటి చిట్కాలు కొంత దూరమే తీసుకెళ్తాయి.

1970ల చివర్లో అమెరికన్ గిటారిస్ట్ ఫ్లాయిడ్ రోజ్ చేసిన పని ఈ రాపిడిని తగ్గించడం కాదు, దానికి అవకాశమే లేకుండా చేయడం. నట్ దగ్గర తీగను గట్టిగా నొక్కి పట్టేస్తే గాడిలో జారేదే ఉండదు. స్ట్రింగ్ ట్రీ, ట్యూనర్ చుట్లు కూడా లెక్కలోంచి పోతాయి. ఆభరణాలు చేసిన అనుభవం ఉన్న ఆయన తొలి నట్‌ను ఇత్తడితో చేశాడు. అది త్వరగా అరిగిపోవడంతో గట్టిపరిచిన ఉక్కుకు మారాడు. బ్రిడ్జ్ వైపు కూడా తీగను శాడిల్‌లోనే బిగించే ఏర్పాటు తోడైంది. 1979లో పేటెంట్ వచ్చింది. తొలి మోడళ్లలో శ్రుతిని కొద్దికొద్దిగా సరిచేసే ఫైన్ ట్యూనర్లు లేవు. నాలుగు సెంట్లు సరిచేయాలన్నా నట్ విప్పాల్సిందే, మళ్లీ బిగించేటప్పుడు శ్రుతి ఇంకోలా కదిలేది. 1980ల మొదట్లో బ్రిడ్జ్ మీదే ఫైన్ ట్యూనర్లు వచ్చాకే ఇది స్టేజి మీద నమ్మదగ్గ పరికరమైంది. ఆ దశాబ్దం రాక్ గిటార్ శబ్దంలో ఇంత భాగం కావడానికి అసలు కారణం బహుశా లాక్ కన్నా ఆ ఆరు చిన్న మరలే.

లాకింగ్ ట్యూనర్లు అనే వేరే వస్తువుతో దీన్ని కలిపేయడం మామూలుగా జరిగే పొరపాటు. లాకింగ్ ట్యూనర్ తీగను తన పోస్ట్‌లో పట్టుకుంటుంది, చుట్ల సమస్య ఒక్కటే తీరుస్తుంది. నట్ గాడి రాపిడి అక్కడే ఉంటుంది. లాకింగ్ నట్ ఉన్న గిటార్‌లో ట్యూనర్లు ఎంత ఖరీదైనవైనా, నట్ బిగించిన క్షణం నుంచి అవి అలంకారమే.

లాక్ చేతిలో లేనివి కూడా ఉన్నాయి. కొత్త తీగ సాగుతుంది. చల్లటి గదిలోంచి లైట్ల వేడి కిందికి వస్తే ఉక్కు తీగ వ్యాకోచిస్తుంది. తేమకు నెక్ వంపు మారుతుంది. ఈ మార్పులన్నిటినీ సర్దాల్సిన భారం ఫైన్ ట్యూనర్ల మీదే పడుతుంది, వాటి పరిధి చిన్నది. అందుకే నట్ బిగించే ముందు ఫైన్ ట్యూనర్లను మధ్యలో ఉంచాలి, కొత్త తీగలను చేత్తో బాగా లాగి సాగనివ్వాలి. ఈ రెండూ చేయకపోతే ప్రదర్శన మధ్యలో మర చివరికొచ్చి ఆగిపోతుంది. ఇక అలెన్ కీ వెతుక్కోవడమే.

నట్ దగ్గర ఇంకో చిన్న విషయం. క్లాంప్ బిగిస్తుంటే శ్రుతి ఎక్కడం చాలామంది గమనించి, నట్ చెడిందనుకుంటారు. నట్ వెనక, హెడ్‌స్టాక్ మీద అడ్డంగా ఉండే సన్న కమ్మీ తీగలను కిందికి అదమాలి. అది పైకి ఉండిపోతే తీగ నట్ ఉపరితలానికి పూర్తిగా ఆనకుండా వెనక వైపు కాస్త లేచి ఉంటుంది. క్లాంప్ దాన్ని కిందికి నొక్కేటప్పుడు తీగ కాస్త సాగుతుంది, శ్రుతి ఎక్కుతుంది. ఆ కమ్మీ మరలు రెండు చుట్లు తిప్పితే చాలు, సమస్య చాలావరకు పోతుంది.

టోన్ మాట

ముందు లాక్ సంగతి. తీగను వేలితో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) మీద నొక్కితే నట్‌కు పెద్దగా పాత్ర ఉండదు, తీగకు ఆ చివర ఫ్రెట్టే. కాబట్టి లాకింగ్ నట్ ప్రభావం ముఖ్యంగా ఓపెన్ తీగల్లోనే వినిపిస్తుంది. ఉక్కు నట్ మీద ఓపెన్ తీగ ఎముక లేదా ప్లాస్టిక్ నట్ మీద కన్నా కాస్త ప్రకాశంగా, ఫ్రెట్ చేసిన స్వరానికి దగ్గరగా పలుకుతుంది. కొందరికి ఇది గరుకుగా అనిపిస్తుంది, కొందరికి తీగలన్నీ ఒకేలా ఉండటం నచ్చుతుంది. నట్ వెనక భాగం తెగిపోయినట్టే కాబట్టి హెడ్‌స్టాక్ వైపు తీగ ముక్కలు తోడుగా మోగడం కూడా ఉండదు. హై గెయిన్‌లో (ఆంప్ శబ్దాన్ని బాగా గరుకెక్కించి) రిఫ్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే చిన్న పదబంధం, వాయిస్తూ ఠక్కున ఆపేవాళ్లకు ఇది మేలు.

లాక్ వల్ల తీగ బిగువు పెరుగుతుందన్న మాట తరచూ వినిపిస్తుంది. అది తప్పు. తీగ మందం, స్కేల్ పొడవు, శ్రుతి ఈ మూడూ మారనంతవరకు బిగువు మారదు. మారేది వేరు, అది బెండ్ దగ్గర చూద్దాం.

అసలు గొడవంతా తేలే బ్రిడ్జ్ మీద. హార్డ్‌టెయిల్ బ్రిడ్జ్ బాడీకి మరలతో అంటిపెట్టుకుని ఉంటుంది. తేలే బ్రిడ్జ్‌కు బాడీతో నేరుగా ఉన్న సంబంధం రెండు పోస్టుల గాడుల్లో ఆనిన రెండు పదునైన అంచులే. వెనక నుంచి స్ప్రింగుల ద్వారా ఇంకొంత. అది త్రాసు ముల్లు లాంటిది. ఒక పక్క తీగలు, ఇంకో పక్క స్ప్రింగులు, మధ్యలో పదునైన అంచు. ఇలాంటి ఏర్పాటు మీద తీగ మోగితే ఏమవుతుంది?

స్ప్రింగుల మీద నిలబడ్డ ఏ బరువుకైనా తనదైన ఊగే వేగం ఉంటుంది. ఆర్మ్‌ను వేలితో మీటి వదిలేస్తే స్వరం గరగరమంటూ వణుకుతుంది కదా, ఆ వణుకు వేగమే అది. లావు ఇ తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది, ఈ వణుకు దానికన్నా చాలా నెమ్మది. తన సహజ వేగానికి పైన ఉన్న కంపనాలకు బ్రిడ్జ్ లొంగకుండా నిలబడటంలో స్ప్రింగు బిగువు పాత్ర తక్కువ, బరువు పాత్ర ఎక్కువ. కంపనం వేగం పెరిగేకొద్దీ అదే బరువును కదపడం ఇంకా కష్టమవుతుంది. కాబట్టి పై స్వరాలకు తేలే బ్రిడ్జ్ దాదాపు గోడలాగే కనిపిస్తుంది. కింది స్వరాలకు మాత్రం కొంత కదులుతుంది. కదిలిన ప్రతిసారీ తీగ శక్తిలో కొంత స్ప్రింగుల్లోకి, అంచుల దగ్గరి రాపిడిలోకి పోతుంది. ఫ్లాయిడ్ రోజ్ పేరుతోనే పిలిచే ఈ బ్రిడ్జ్ ఉన్న గిటార్‌లో బాస్ తగ్గిందని, టోన్ పలచబడిందని చెప్పేవాళ్ల చెవి వాళ్లను మోసం చేయడం లేదు. తీగ మోగేటప్పుడు తగ్గేది నిజంగా ఎక్కువగా కింది వైపే.

బ్లాక్ మార్చడం గురించిన చర్చకు కూడా ఇక్కడే జవాబు దొరుకుతుంది. ఒరిజినల్ ఫ్లాయిడ్ రోజ్‌లో బ్లాక్ ఇత్తడిది, 32, 37, 42 మిల్లీమీటర్ల ఎత్తుల్లో వస్తుంది. చవక రకాల్లో జింక్ మిశ్రమంతో పోతపోసిన బ్లాక్ ఉంటుంది. అదే పరిమాణంలో ఇత్తడి సుమారు పాతిక శాతం బరువెక్కువ. టంగ్‌స్టన్ మిశ్రమాలు ఇంకా చాలా బరువు. బరువే కదలికను ఆపుతుంది కాబట్టి పెద్ద ఇత్తడి బ్లాక్ వేస్తే సస్టెయిన్ (స్వరం నిలిచే సమయం) కాస్త పెరగడంలో ఆశ్చర్యం లేదు. టైటానియం బ్లాక్‌ను కూడా అదే గొంతుతో పొగుడుతూ అమ్ముతారు. టైటానియం జింక్ కన్నా తేలిక! అక్కడ పనిచేసేది ఏదైనా బరువు మాత్రం కాదు. ఇక బ్లాక్ గూటి కోసం, స్ప్రింగుల కోసం తీసేసిన కలప వల్లే టోన్ పోతుందన్న వాదన ఉంది. అది అన్నిటికన్నా బలహీనమైన వాదన, ఎందుకంటే కలప తగ్గింపును బ్రిడ్జ్ కదలిక నుంచి వేరుచేసి వినడం దాదాపు అసాధ్యం.

బ్రిడ్జ్ కదలికను వేరుచేసి వినడానికి మాత్రం సులభమైన మార్గం ఉంది. వెనక మూత తీసి, బ్లాక్‌కు రెండు పక్కలా గట్టి చెక్క ముక్కలు బిగించి కదలకుండా చేయాలి. గిటార్ అదే, తీగలూ పికప్‌లూ అవే. ఆంప్‌ను క్లీన్‌గా ఉంచి లావు ఇ తీగను మీటి పూర్తిగా ఆరిపోయేదాకా వినాలి, తర్వాత చెక్కలు తీసి మళ్లీ వినాలి. తేడా వినిపిస్తే అది తేలడం వల్ల. ఏమీ వినిపించకపోతే ఫిర్యాదుకు కారణం పికప్‌లోనో, తీగ మందంలోనో, ఇంకెక్కడో వెతకాలి. డిస్టార్షన్ గట్టిగా పెట్టి ఈ పరీక్ష చేస్తే ఫలితం ఉండదు. హై గెయిన్ శబ్దాన్ని అణిచి సమం చేసేస్తుంది, ఆరిపోయే స్వరాన్ని కూడా పైకి లాగుతుంది. లాకింగ్ ట్రెమోలో అలాంటి సంగీతంలోనే ఎక్కువగా నిలదొక్కుకోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. ఆ శబ్దంలో దాని లోపాలు దాక్కుంటాయి, గుణాలు పైకి తేలతాయి.

వెనక స్ప్రింగులు తామే సన్నగా మోగడం మరో సంగతి. రిఫ్ ఆపిన మరుక్షణం వెనక నుంచి రివర్బ్ లాంటి తోక వినిపిస్తే అది స్ప్రింగులదే. కొందరికి ఆ తోక ఇష్టం. నచ్చనివాళ్లు స్ప్రింగుల లోపల స్పాంజి ముక్క దూర్చి ఆపేస్తారు.

చేతికి తెలిసే తేడాలు

ప్రామాణిక శ్రుతిలో 9 నుంచి 42 తీగల సెట్ (అంగుళంలో వెయ్యో వంతుల్లో సన్న, లావు తీగల మందం) మొత్తం లాగుడు సుమారు 38 కిలోలు, 10 నుంచి 46 సెట్ అయితే 47 కిలోల దాకా. ఈ బరువంతటినీ వెనక ఉన్న మూడు నాలుగు స్ప్రింగులు సరిగ్గా అదే బలంతో ఎదుర్కొంటేనే బ్రిడ్జ్ బాడీకి సమాంతరంగా నిలుస్తుంది. ఆ సమతూకంలో ఏ చిన్న మార్పు వచ్చినా బ్రిడ్జ్ ఒరుగుతుంది, ఒరిగితే ఆరు తీగల శ్రుతీ మారుతుంది. వాయించడంలో ఎదురయ్యే వింతలన్నిటికీ మూలం ఇదే.

జి తీగను ఒక పూర్తి టోన్ బెండ్ చేస్తే దాని బిగువు 26 శాతం పెరగాలి. 9-42 సెట్‌లో అది సుమారు 1.7 కిలోల అదనపు లాగుడు. హార్డ్‌టెయిల్‌లో ఆ భారం చెక్క మోస్తుంది. తేలే బ్రిడ్జ్‌లో స్ప్రింగులు సాగి బ్రిడ్జ్ ముందుకు ఒరుగుతుంది, మిగతా ఐదు తీగలూ కాస్త దిగుతాయి. బెండ్ చేస్తున్న తీగ కూడా ఆ మేరకు దిగుతుంది కాబట్టి వేలు ఇంకొంచెం దూరం తోయాలి. లాక్ ఇక్కడ వ్యతిరేక దిశలో పనిచేస్తుంది. నట్ వెనక ఉన్న తీగ సాగుడులో పాలు పంచుకోదు, అందుకే బ్రిడ్జ్‌ను బిగించేసిన లాకింగ్ గిటార్‌లో తక్కువ దూరానికే శ్రుతి ఎక్కుతుంది, వేలికి తీగ గట్టిగా తగులుతుంది. తేలే బ్రిడ్జ్‌లో ఈ రెండింటిలో గెలిచేది ఒరుగుడే. తీగలు మెత్తగా ఉన్నాయి కానీ బెండ్ దూరం ఎక్కువ అని చాలామంది చెప్పడానికి కారణం ఇది.

ఒక్క తీగ మీద సోలో వాయిస్తుంటే చెవి దీనికి నాలుగు రోజుల్లో అలవాటు పడుతుంది. ఇబ్బంది యూనిసన్ బెండ్ దగ్గర. బి తీగ మీద ఒక స్వరం నిలిపి, జి తీగను దాని దాకా బెండ్ చేయాలి. నిలిపిన స్వరమే దిగిపోతుంటే చేరుకోవాల్సిన చోటే కదిలిపోయినట్టు. కంట్రీ వాయిద్యంలో ఒక తీగ బెండ్ అవుతూ మరో రెండు నిలకడగా మోగాల్సిన పదబంధాలకు ఇది మరీ చేటు. అలవాటైనవాళ్లు నిలిపిన తీగను కూడా వెంట్రుకవాసి పైకి తోస్తారు, లేదా కుడి అరచేయి అంచుతో బ్రిడ్జ్‌ను నొక్కి పడతారు. ఈ రెండూ నేర్చుకోవచ్చు. కానీ ఆ శైలి వాయించాలనుకునేవాళ్లకు తేలే బ్రిడ్జ్ సరైన ఎంపిక కాదనే చెప్పాలి.

అరచేత్తో తీగల మోతను అణిచే పామ్ మ్యూట్‌లో దీనికి తిరగబడ్డ రూపం కనిపిస్తుంది. అరచేయి శాడిళ్ల ముందు భాగాన తేలిగ్గా ఆనితే ఏమీ కాదు. ఫైన్ ట్యూనర్ల వైపు బరువు వేస్తే బ్రిడ్జ్ వెనక్కి ఒరిగి శ్రుతి ఎక్కుతుంది. ఫిక్స్‌డ్ బ్రిడ్జ్ నుంచి మారినవాళ్ల తొలి వారాల రికార్డింగుల్లో పవర్ కార్డులన్నీ కాస్త ఎక్కి వినిపించేది అందుకే. చెయ్యి తేలికయ్యేదాకా ఆ తేడా పోదు.

ప్రదర్శన మధ్యలో తీగ తెగితే జరిగేది అందరికీ తెలిసిందే. ఆరేడు కిలోల లాగుడు ఒక్కసారిగా మాయమవుతుంది, స్ప్రింగులు బ్రిడ్జ్‌ను వెనక్కి లాగేస్తాయి, మిగిలిన ఐదు తీగలూ ఎక్కేస్తాయి. ఆ పాటకు ఆ గిటార్ అయిపోయినట్టే. లావు ఇ తీగను డి దాకా దింపే డ్రాప్ డి లాంటి శ్రుతికి మారాలన్నా ఇదే అడ్డంకి. ఒక తీగ దింపితే మిగతావి ఎక్కుతాయి, వాటిని దింపితే మొదటిది మళ్లీ కదులుతుంది.

స్ప్రింగుల సంఖ్యతో ఈ స్వభావాన్ని కొంత మార్చుకోవచ్చు. మొత్తం బలం ఒకటే ఉండాలి, కానీ దాన్ని రెండు స్ప్రింగులను బాగా సాగదీసి తెచ్చుకోవచ్చు, ఐదింటిని కొద్దిగా సాగదీసీ తెచ్చుకోవచ్చు. రెండుంటే ఆర్మ్ వెన్నలా కదులుతుంది, బెండ్‌కు పక్క తీగలు ఎక్కువగా దిగుతాయి. ఐదుంటే ఆర్మ్ బరువెక్కుతుంది, బ్రిడ్జ్ మొండిగా నిలబడుతుంది. చాలామంది మూడు దగ్గర ఆగేది ఈ బేరంలోనే.

ఇంతకీ ఇన్ని కష్టాలు ఎందుకు పడాలి? హార్మోనిక్‌ను మీటి, తీగలు వేలాడేదాకా ఆర్మ్ నొక్కి, అక్కడి నుంచి పైకి తేవడం వేరే ఏ బ్రిడ్జ్ మీదా అంత ధైర్యంగా చేయలేరు. చేశాక శ్రుతి ఉంటుందన్న భరోసాతో తర్వాతి బార్‌లోకి వెళ్లగలగడమే దీని అసలు విలువ. బ్రిడ్జ్ కింద బాడీలో గుంత తొలిచి ఉంటే ఆర్మ్ పైకీ లాగొచ్చు. 1987లో ఐబనెజ్ కంపెనీ విడుదల చేసిన, గిటారిస్ట్ స్టీవ్ వాయ్ పేరుతో వచ్చిన జెమ్ గిటార్‌లో బ్రిడ్జ్ వెనక లోతుగా చెక్కిన గీతలు దీనికోసమే. స్వరాన్ని వేలితో కాక ఆర్మ్‌తో పైకి జార్చి గొంతులా పలికించడం, మీటి వదిలి వణికించడం ఇవన్నీ తేలడం వల్లే వస్తాయి. తిట్లు తినే గుణమే ఇక్కడ పనిముట్టవుతుంది.

ఒక పరిమితి మాత్రం దీనితోనే ఉండిపోతుంది. ఆర్మ్ నొక్కితే తీగలన్నీ ఒకే మేరకు దిగవు. బ్రిడ్జ్ ఆరింటినీ దాదాపు సమానంగా సడలిస్తుంది, కానీ అంతే సడలింపుకు జి తీగ శ్రుతి సన్న ఇ తీగ కన్నా రెండున్నర రెట్లకు పైగా మారుతుంది. చుట్టులేని తీగల్లో ఈ నిష్పత్తి మందం మీద ఆధారపడదు, శ్రుతి మీదే ఆధారపడుతుంది. తక్కువ శ్రుతిలో ఉన్న సాదా తీగ లోపలి ఒత్తిడి తక్కువ, కాబట్టి కొద్ది మార్పు కూడా దానికి పెద్దదే. పూర్తి కార్డు మోగించి ఆర్మ్ నొక్కితే అది కార్డుగా దిగదు, కరిగిపోతుంది. దీన్ని సరిచేయడానికే గిటార్ల రూపకర్త నెడ్ స్టైన్‌బర్గర్ 1980ల్లో ట్రాన్స్‌ట్రెమ్ అనే బ్రిడ్జ్ తెచ్చాడు. అందులో ప్రతి తీగకూ తగిన మేరకే కదలిక అందుతుంది. అది అద్భుతమైన యంత్రమే, కానీ ఫ్లాయిడ్ రోజ్ అంతగా వ్యాపించలేదు.

తేలడం వద్దు, లాక్ మాత్రం కావాలనుకునేవాళ్లకు మధ్యేమార్గం ఉంది. బ్రిడ్జ్ వెనక భాగం బాడీ మీద ఆనేలా అమర్చి, స్ప్రింగులను కాస్త ఎక్కువ బిగించాలి. రాక్ గిటారిస్ట్ ఎడ్డీ వాన్ హేలెన్ ఇష్టపడిన పద్ధతి ఇదే. స్వరాన్ని కిందికి మాత్రమే జార్చొచ్చు (దీన్నే డైవ్ అంటారు), పైకి రాదు. బదులుగా బెండ్‌కు పక్క తీగలు దిగవు, పామ్ మ్యూట్‌కు శ్రుతి ఎక్కదు, తీగ తెగినా మిగతావి నిలుస్తాయి, బ్రిడ్జ్ బాడీకి ఆనుతుంది కాబట్టి కింది స్వరాలకు కాస్త బరువూ తిరిగొస్తుంది. ఆయన పేరుతో వచ్చిన డి-ట్యూనా అనే చిన్న పరికరం లావు ఇ తీగను ఒక్క లాగుతో డి శ్రుతికి దింపుతుంది. అది సరిగ్గా పనిచేసేది కూడా ఇలా ఆనించిన బ్రిడ్జ్ మీదే. టోన్ గురించి గట్టిగా ఫిర్యాదు చేసేవాళ్లు బ్రిడ్జ్ మొత్తం మార్చే ముందు ఒకసారి దీన్ని ప్రయత్నించడం మంచిది. ఖర్చు దాదాపు లేదు.

అమరిక, అరుగుదల

తేలే బ్రిడ్జ్‌ను సమంగా నిలబెట్టడం ఓపిక పరీక్షగా పేరుపడింది. తీగ వెంట తీగ శ్రుతి చేస్తూ పోతే ఆరో తీగకు వచ్చేసరికి మొదటిది ఎక్కడో ఉంటుంది. దీనికి మంచి ఉపాయం ఉంది. ముందు స్ప్రింగులను కాస్త ఎక్కువగా బిగించాలి. బ్రిడ్జ్ బాడీకి సమాంతరంగా నిలిచేలా వెనక భాగం కింద సరిపోయే మందం గల ముక్క పెట్టాలి. ఇప్పుడు బ్రిడ్జ్ కదలదు కాబట్టి హార్డ్‌టెయిల్‌లాగే శ్రుతి చేసేయొచ్చు. తర్వాత వెనక స్ప్రింగుల కొక్కెం మరలను కొద్దికొద్దిగా వదులు చేస్తూ పోవాలి. ముక్క దానంతట అది జారి వచ్చే క్షణాన స్ప్రింగుల బలం తీగల బలానికి సమానమైనట్టు. మందం మారినా శ్రుతి మారినా మళ్లీ ఇదే పని. 9 నుంచి 10కి మారితే ఎనిమిది తొమ్మిది కిలోల లాగుడు పెరుగుతుంది. సెటప్ మార్చకుండా తీగలు మాత్రం మార్చిన గిటార్ బ్రిడ్జ్ ముందుకు వాలిపోయి కనిపించేది అందుకే.

ఇంటొనేషన్, అంటే మెడ పొడవునా స్వరాలు సరిగ్గా పలికేలా శాడిళ్లను సర్దడం, ఇంతకన్నా విసుగు. ప్రతి శాడిల్‌కూ తీగ వదులు చేసి, పట్టి ఉంచే మర విప్పి, వేలితో జరిపి, బిగించి, మళ్లీ మొత్తం శ్రుతి చేసి చూడాలి. తీగ ఎత్తును ఒక్కో శాడిల్ దగ్గర విడిగా మార్చే వీలూ సాధారణంగా ఉండదు.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది ఆ రెండు పదునైన అంచులను. 0.01 మిల్లీమీటరుకు ఐదు సెంట్లన్న లెక్క ఇక్కడ మళ్లీ అక్కరకొస్తుంది. అంచు మొద్దుబారి పోస్ట్ గాడిలో ఏ కొంచెం పక్కకు ఆగినా శ్రుతి తేడా వినిపిస్తుంది. ఒరిజినల్ రకాల్లో బేస్‌ప్లేట్ గట్టిపరిచిన ఉక్కు. మెత్తటి లోహంతో చేసిన చవక బ్రిడ్జ్‌ల అంచులు త్వరగా పోతాయి. తీగల పూర్తి బిగువు మీద పోస్టుల ఎత్తు తిప్పి సర్దే అలవాటు ఏ బ్రిడ్జ్‌నైనా పాడు చేస్తుంది. దాదాపు నలభై కిలోల బరువుతో ఆ అంచు గాడికి రాసుకుంటూ తిరుగుతుంది. ముందు తీగలు వదులు చేసి తర్వాత తిప్పడానికి పట్టేది కొన్ని నిమిషాలే.

వాడిన గిటార్ కొనేటప్పుడు అంచుల పరిస్థితిని బ్రిడ్జ్ విప్పకుండానే తెలుసుకోవచ్చు. ట్యూనర్ పెట్టి జి తీగను చూస్తూ ఆర్మ్‌ను కిందికి పూర్తిగా నొక్కి మెల్లగా వదలాలి, సూది ఎక్కడ ఆగిందో గుర్తుంచుకోవాలి. తర్వాత పైకి లాగి వదిలి మళ్లీ చూడాలి. రెండుసార్లూ ఒకేచోట ఆగితే అంచులు బాగున్నట్టు. డైవ్ తర్వాత కాస్త దిగి, పైకి లాగాక కాస్త ఎక్కి ఆగితే అంచు రాపిడికి చిక్కుతోంది. ప్రతిసారీ ఇంకొంచెం దిగుతూ పోతే అంచులది తప్పు కాదు, నట్ క్లాంప్‌లోనో శాడిల్‌లోనో తీగ జారుతోంది. అది బిగిస్తే పోతుంది. పోస్ట్‌లో గాడి పడితే పోస్ట్ మార్చుకోవచ్చు. బేస్‌ప్లేట్ అంచే పోతే చాలా మోడళ్లలో బేస్‌ప్లేట్‌నో మొత్తం బ్రిడ్జ్‌నో మార్చడం తప్ప వేరే దారి ఉండదు, బేరం ఆ లెక్క మీదే చేయాలి.